అరవై అయిదు అంగుళాల పంతం

పెట్టె నిన్న మధ్యాహ్నం నుంచి హాల్లోనే నిలబడి ఉంది.

వంటింట్లోకి వెళ్ళాలంటే ఎవరైనా సరే పక్కకి తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని, దాన్ని రాసుకుంటూ వెళ్ళాల్సిందే. అలా వెళ్ళిన ప్రతిసారీ కోడలికి ఒళ్ళు మండిపోతోంది. అట్ట మీద అరచేయంత అంకెలతో అరవై అయిదు అని అచ్చు వేసి ఉంది. పైన అంటించిన సీలు ఇంకా తెగలేదు. తెగకపోతే రేపు సాయంత్రం లోపు చిన్నది మార్చి ఇస్తామని టీవీ షాపువాళ్ళు ఒప్పుకున్నారు. తెగిందా, ఇక అంతే సంగతులు.

"కోసేస్తున్నా," అన్నాడు ఆమె భర్త, చేతిలో కూరగాయల కత్తితో.

"కోయండి. నేను మా షాపుకెళ్ళి అక్కడే పడుకుంటాను."

"పడుకో. అక్కడైతే కళ్ళద్దాలు పెట్టుకుని మరీ కలలు కనొచ్చు."

భోజనాల బల్ల దగ్గర అత్తగారు బఠానీలు వలుస్తోంది. ఆవిడ నవ్వలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. "తొమ్మిది, మూడు, అయిదు," అని గొణుక్కుంటోంది.

"తొమ్మిది తర్వాత మూడేమిటి అత్తయ్యా?"

ఆవిడ ఉలిక్కిపడింది. రెండు గింజలు కింద పడ్డాయి. "ఈ వయసులో లెక్క అలాగే వస్తుందిలే అమ్మాయ్. నా సంగతి వదిలెయ్. మంగళవారం పాత టీవీ పొగలు కక్కిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో చూడ్డానికి మీ ఇద్దరి దెబ్బలాట తప్ప ఇంకేం లేదు. అది కూడా రోజూ ఒకే కథ."

నిజానికి కోడలు దెబ్బలాటకు దిగే మనిషి కాదు. కొలతకు దిగే మనిషి. పదకొండేళ్ళుగా కళ్ళద్దాల షాపులో పనిచేస్తోంది. గోడకు చార్టు తగిలించి, వచ్చినవాళ్ళ ఒక కన్ను మూయించి, అంకెలు చదివించి, అద్దాలు మార్చి మార్చి పెడుతుంది. ఏది ఎంత దూరం నుంచి ఎంత పెద్దగా ఉంటే కంటికి హాయిగా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఊళ్ళోవాళ్ళందరూ ఆమె మాట విని కళ్ళద్దాలు కొంటారు. ఇంట్లో మాత్రం ఆమె మాటకు బఠానీ తొక్కకున్న విలువ కూడా లేదు.

అందుకే పొద్దున్నే లేచి పాత పేపర్లు అతికించి మూడు టీవీలు కత్తిరించింది. నలభై మూడు, యాభై, అరవై అయిదు. మూడింటినీ ఒకదాని మీద ఒకటిగా గోడకు అంటించింది.

"ఇలా చూడండి," అంది ఇప్పుడు మళ్ళీ, ఓపిక తెచ్చుకుని. "మన సోఫా నుంచి గోడకి ఆరున్నర అడుగులు. అంటే డెబ్భై ఎనిమిది అంగుళాలు. దాన్ని ఒకటిన్నరతో భాగించమన్నాడు టీవీ షాపతను. యాభై రెండు వస్తుంది. యాభై అంగుళాల టీవీ అయితే ఈ గదికి కొలిచి కుట్టించినట్టు ఉంటుంది. అరవై అయిదు పెట్టామనుకోండి, బొమ్మలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మనం అటూ ఇటూ మెడ తిప్పుకుంటూ కూర్చోవాలి."

"తిప్పుకుంటాం. మెడకి మంచి వ్యాయామం."

"కిటికీ రెక్క తెరుచుకోదు."

"మూసే ఉంచుదాం. దుమ్ము రాదు."

అత్తగారు పేపర్ల వంక చూసి కళ్ళు చిట్లించింది. "అదేమిటే, యాభై అన్నావు, అడ్డంగా టేపు పెడితే నలభై నాలుగు కూడా లేదుగా? మిగతా అంగుళాలు షాపువాడు మింగేశాడా?"

"టీవీని ఈ మూల నుంచి ఆ మూలకి, ఏటవాలుగా కొలుస్తారు అత్తయ్యా."

"ఏటవాలుగానా! నేను బట్టల కొట్టుకెళ్ళి గుడ్డని ఏటవాలుగా కొలవమంటే ఊరుకుంటారా? అలాంటప్పుడు అబ్బాయి అన్నదే నయం. ఎలాగూ తగ్గించే ఇస్తారు కాబట్టి పెద్దదే తెచ్చుకోవాలి."

కోడలు చేతులెత్తేసింది. మొగుడు ఒకవైపు, అత్త ఒకవైపు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కాబోలు అనుకుంది. విసుగుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది టీవీ గురించి కాదు. టీవీ ఎంతదైతే ఆమెకేం? రోజుకు అరగంట చూస్తే ఎక్కువ.

ఆమెను పట్టి పీడిస్తున్నది వేరే ఉంది. పాత టీవీ కాలిపోకముందే, నెల రోజులుగా, అతను సోఫాలో కూర్చోవడం మానేశాడు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని తెరకు రెండడుగుల దూరంలో కూర్చునేవాడు. నడుం నొప్పి, సోఫా మెత్తగా ఉంది అనేవాడు. కిందటి వారం స్కూటరు వాకిలి గేటు స్తంభానికి గీరుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఉన్న స్తంభం అది. ఎవరో జరిపారన్నట్టు మాట్లాడాడు. గ్లాసులో నీళ్ళు పోస్తే బల్ల మీద ఒలుకుతున్నాయి. ఇప్పుడు ఆరున్నర అడుగుల దూరానికి అరవై అయిదు అంగుళాల తెర కావాలంటున్నాడు.

ఇవన్నీ ఏ కొత్త మనిషో షాపుకొచ్చి చెప్పి ఉంటే ఆమె ఒక్క క్షణంలో తేల్చేసేది. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

అతను బస్సు డ్రైవరు. డిపోలో అతన్ని అందరూ గడియారం అంటారు. అతని బస్సు స్టాపులోకి వచ్చిందంటే జనం చేతి వాచీలు సరిచేసుకుంటారు. ఇరవై రెండేళ్ళలో బస్సు మీద ఒక్క గీత పడలేదు. ఎల్లుండి సోమవారం డిపోలో కళ్ళ పరీక్ష. ఏటా జరిగేదే. నిలబడి చార్టు చదవాలి. చదివితే స్టీరింగు, చదవలేకపోతే స్టోరు గదిలో కూర్చుని నట్లూ బోల్టులూ లెక్కపెట్టడం. ఈ ఏడు ఆ పరీక్ష పని ఆమె పనిచేసే షాపుకే ఇచ్చారు. చార్టు పక్కన కర్ర పట్టుకుని నిలబడి ఒక్కొక్క డ్రైవరు చేతా చదివించాల్సింది ఆమే.

"ఒక్క మాట అడుగుతాను," అంది ఆమె, గొంతు తగ్గించి. "నిజం చెప్పండి. సోఫాలో కూర్చుంటే మీకు బొమ్మ కనపడట్లేదు కదూ?"

అతను కత్తి పెట్టె మీద పెట్టాడు. అత్తగారి చేతిలో బఠానీ కాయ కూడా టప్పున విరగలేదు.

"మొదలెట్టావా?"

"మొదలెట్టడం కాదండీ. కంట్లో పొర అయితే చిన్న ఆపరేషన్. డాక్టరుగారు నాకు బాగా తెలుసు. నెలా రెండు నెలలు సెలవు పెడితే—"

"మా వాడొకడు అలాగే సెలవు పెట్టాడు. మీసాలాయన. గుర్తుందా, మన పెళ్ళిరోజుకి కూడా వచ్చాడు. కన్ను బాగైంది, తిరిగొచ్చాడు. సీటిచ్చారా? ఇదిగో ఇస్తాం అదిగో ఇస్తాం అని స్టోరులో కూర్చోబెట్టారు. ఆరేళ్ళయింది. ఇప్పటికీ నా బస్సు బయలుదేరేటప్పుడు కిటికీలోంచి చూస్తుంటాడు. ఆ చూపు నీకు తెలీదు."

"ఆయన సంగతి వేరేమో. అడిగి చూడందే—"

"నా కళ్ళకేం కాలేదు!" అని అరిచాడు. "నాకు పెద్ద టీవీ కావాలి, అంతే. ఇన్నేళ్ళు కష్టపడ్డాను, పెద్ద బొమ్మ చూడాలని ముచ్చట పడితే దానికి కూడా రోగం అంటగడతావా? నీ కళ్ళకి లోకంలో అందరూ రోగులే."

"అబ్బాయ్, మెల్లగా," అంది అత్తగారు.

"మెల్లగా ఏంటమ్మా? కట్టుకున్న మనిషే నన్ను గుడ్డివాణ్ణి చేస్తుంటే!"

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి గెలిచినవాళ్ళు ఎవరున్నారు? ఆమె పేపరు టీవీల వైపు తిరిగి, ఊడిపోతున్న ఒక మూలను బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఎంత నొక్కినా అది అంటుకోలేదు.

ఆమె అలా అటు తిరగడం అతనికి ఇంకా కోపం తెప్పించినట్టుంది. "సరే. నీ చార్టు తీసుకురా," అన్నాడు.

"ఏ చార్టు?"

"అదే, నువ్వు ఊరందరి చేతా చదివిస్తావే, అది. సోమవారం పరీక్ష క్యాంపు సంచీ నిన్ననే ఇంటికి తెచ్చావుగా. తగిలించు. చివరి వరుస దాకా చదివేస్తాను. చదివానంటే సీలు కోస్తాను, నువ్వు నోరెత్తకూడదు. కిటికీ అనకూడదు, మెడ అనకూడదు, కళ్ళ మాట అసలే అనకూడదు."

"చదవలేకపోతే?"

"చదవలేకపోతే నీ యాభయ్యే తెచ్చుకో. నన్ను నీ డాక్టరు దగ్గరికి తోలుకెళ్ళు."

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. కొన్నాళ్ళుగా బతిమాలుతున్న మాట అతని నోటితోనే వచ్చింది. పోనీ, ఇలాగైనా తేలనీ అనుకుంది. మూడో వరుస దగ్గర అతను తడబడతాడు. అప్పుడు గెలిచినట్టు కనపడకూడదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఏం ఫర్వాలేదండీ, మనం చూపించుకుందాం అనాలి. ఆ మాట ఎలా అనాలో కూడా సంచీ జిప్పు తీస్తూ లోలోపల సరిచూసుకుంది.

సంచీలో ఒక్క చార్టే ఉంది. షాపులో రోజూ గోడకు వేలాడేది ఎర్ర పట్టీ చార్టు. దాన్ని సోమవారం పొద్దున్న దించి తెస్తామన్నారు. సంచీలో ఉన్నది నీలం పట్టీది, బల్ల సొరుగులో ఉండేది. కొంతమంది ఏడాదికి నాలుగుసార్లు వచ్చి వచ్చి ఎర్రదాన్ని ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేస్తారు. అలాంటివాళ్ళ కోసం ఈ రెండోది. పైన ఒక్క పెద్ద ఎనిమిది రెండింట్లోనూ ఒకటే. కింది వరుసల్లో అంకెలు మాత్రం పూర్తిగా వేరు.

పేపరు టీవీల పక్కన మేకుకు దాన్ని తగిలించింది. అతన్ని వెనక గోడకు ఆనించి నిలబెట్టింది. తొమ్మిది అడుగులు. షాపులో దూరం దీనికి రెట్టింపు ఉంటుంది. పోనీలే, సగం దూరమైతే అతనికే మేలు అనుకుంది.

"ఎడమ కన్ను మూయండి. గట్టిగా నొక్కకండి."

"నాకు చెప్పక్కర్లేదు. మొదలెట్టనా?"

"ఊఁ."

"ఎనిమిది," అన్నాడు. తర్వాత ఊపిరి తీసుకుని, "ఆరు, రెండు. అయిదు, తొమ్మిది, ఏడు..."

ఆమె చెయ్యి చార్టు మీద రెండో వరుస దగ్గర ఉంది. అక్కడ ఉన్నది మూడు, అయిదు. పొరపాటున వరుస తప్పాడేమో అనుకుని కింది వరుస చూసింది. అక్కడా అవి లేవు.

అతను ఆగలేదు. ఒక్క అంకె దగ్గర కూడా తడబడలేదు. స్టాపుల పేర్లు చదువుకుంటూ పోయినట్టు వరుస వెనక వరుస గడగడా చెప్పుకుంటూ పోయాడు. ముఖంలో చిన్న నవ్వు. చూపు మాత్రం చార్టు మీద లేదు. దానికి జానెడు పక్కన, ఊడిన పేపరు మూల మీద ఉంది.

"చివరిది. ఏడు, నాలుగు, రెండు, తొమ్మిది, మూడు, అయిదు. చాలా?"

తొమ్మిది, మూడు, అయిదు.

ఆమె మెల్లగా తల తిప్పి బల్ల వైపు చూసింది. అత్తగారి పెదవులు కొడుకు పెదవులతో పాటే కదిలి, అప్పుడే ఆగాయి. ఆవిడ గబుక్కున గిన్నెలోకి వంగింది. వలవడానికి అక్కడ కాయలేమీ మిగల్లేదు.

రెండు వారాలుగా అతను సాయంత్రం షాపు మూసే వేళకు అరగంట ముందే వస్తున్నాడు. అంతకుముందు ఏనాడూ అలా వచ్చిన మనిషి కాదు. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, చార్టుకు దగ్గరగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాడు. నీ పని కానివ్వు, తొందరేం లేదు అనేవాడు. షాపు పెద్దాయన ఆమెను ఆటపట్టించేవారు. "మీ ఆయనకి ఇప్పుడు పుట్టిందమ్మా ప్రేమ," అని. ఆమె సిగ్గుపడేది. ఆ అరగంటలో కావాలని ఒకటి రెండుసార్లు అతని ముందు నుంచి నడిచేది. నిన్న కొత్త జడ క్లిప్పు కూడా పెట్టుకుంది.

తన వెనక గోడ మీద ఉన్న అంకెల కోసం, జనం పైకి చదువుతుంటే విని పట్టుకోవడానికి వచ్చాడన్నమాట. ఆమె అడ్డొచ్చినప్పుడల్లా మెడ పక్కకు వంచేవాడు. తనను చూడ్డానికే అనుకుంది.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికి ముందు సిగ్గొచ్చింది, ఆ క్లిప్పు గుర్తొచ్చి.

"ఏం, మాట్లాడవేం?" అతను అరచేయి కంటి మీంచి తీశాడు. కుర్రాడిలా వెలిగిపోతున్నాడు. "గడియారం ఎప్పుడైనా తప్పు టైము చూపిస్తుందా? అమ్మా, విన్నావుగా? కోడలమ్మగారు ఓడిపోయారు."

"విన్నాను నాయనా," అంది అత్తగారు, తలెత్తకుండానే.

అతను పెట్టె దగ్గరకు వెళ్ళాడు. కత్తి కోసం అట్ట మీద చేత్తో తడుముకున్నాడు. కత్తి అతని కళ్ళ ముందే ఉంది. రెండుసార్లు వేళ్ళు దాని పక్క నుంచే వెళ్ళాయి. మూడోసారి దొరికింది.

ఈ చేతులే సోమవారం మధ్యాహ్నం స్టీరింగు పట్టుకుంటాయి. ఆ బస్సులో అరవై మంది ఎక్కుతారు. వాళ్ళలో ఎవరికీ తెలీదు. తెలిసింది ఈ హాల్లో ఉన్న ముగ్గురికే.

ఆమె నోరు తెరిచింది. అదే సమయానికి సోఫా మీద ఫోను మోగింది. షాపు పెద్దాయన.

"అమ్మా, నీ సెలవురోజు విసిగిస్తున్నాను. డిపోవాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. ఈసారి గట్టిగా చెయ్యమంటున్నారట పైనుంచి. నా దగ్గర ఎర్ర చార్టు ఉంది. నీలంది నీ దగ్గరుందా, ఇక్కడే సొరుగులో ఉందా? వెతికితే కనపడట్లేదు."

"నా దగ్గరే ఉంది సార్."

"హమ్మయ్య. సరే, సోమవారం ఏది తగిలిద్దాం? ఎర్రది కొంచెం వెలిసిపోయింది గానీ అలవాటైంది. నిలబడి చదివించేది నువ్వు. నువ్వు ఏదంటే అదే పెడదాం."

అత్తగారు గిన్నె పక్కన పెట్టి లేచి నిలబడింది. ఫోన్లో మాట ఆవిడకు వినపడిందో లేదో తెలీదు. ముఖం చూస్తే వినపడినట్టే ఉంది. వద్దు అన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఆడించింది.

"వాడికి ఆ బస్సు తప్ప ఇంకేం లేదే అమ్మాయ్," అంది గుసగుసగా.

"బస్సులో ఉన్నవాళ్ళకి ఇళ్ళున్నాయి అత్తయ్యా," అంది ఆమె, అంతే మెల్లగా.

పెట్టె దగ్గర కత్తి మొన సీలు మీద ఆనింది. "కోస్తున్నా మరి!" అని అరిచాడు అతను ఉత్సాహంగా. "ఎవరు ఫోన్లో? షాపా? మాట్లాడుతూనే చూడు, అరవై అయిదు అంగుళాలు ఎలా ఉంటుందో."

"హలో? ఉన్నావా అమ్మా?"

ఆమె ఫోను చెవి నుంచి తీయలేదు. "నీలం చార్టు ఇంట్లోనే ఉంది సార్. మా హాల్లో గోడకి తగిలించి ఉంది."

కత్తి సీలు మీద సగంలో ఆగిపోయింది.

"నీలమా?" అన్నాడు అతను. రెండు వారాలు ఆ బెంచీ మీద కూర్చున్నవాడు. ఎర్రదీ నీలందీ తేడా అతనికి బాగా తెలుసు. "నీలంది ఎక్కడుంది?"

"మీ ఎదురుగానే ఉందండీ. ఇందాక మీరు చదవాల్సింది అదే."

అతను కత్తి అక్కడే వదిలి గోడ దగ్గరకు నడిచాడు. నాలుగడుగుల దూరంలో ఒకసారి ఆగాడు. ఇంకో అడుగు వేశాడు. ఇంకొకటి. చివరికి ముఖం చార్టుకు జానెడు దూరంలో పెట్టి, వేలు ఆనించి, చిన్నపిల్లవాడు వాచకం చదివినట్టు ఒక్కొక్క అంకె చదివాడు.

"మూడు... అయిదు..."

మూడో వరుస చదవలేదు. వేలు మాత్రం అక్కడే ఉంచాడు.

ఆమెకు అతన్ని వెనక నుంచి గట్టిగా పట్టుకోవాలనిపించింది. చెంప మీద కొట్టాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"ఎర్రదని చెప్పు," అన్నాడు అతను, గోడవైపే తిరిగి ఉండి. అది అరుపు కాదు, ఆజ్ఞ కాదు. ఇరవై ఏళ్ళ కాపురంలో అతను ఆమెను దేనికీ బతిమాలిన గుర్తు లేదు. "నీకు దణ్ణం పెడతాను. ఎర్రదని చెప్పు."

ఫోన్లో పెద్దాయన గొంతు సవరించుకున్నారు.

"ఏదంటావమ్మా? రాసుకుంటాను, చెప్పు."